అయిదు గీతల వంశచరిత్ర

సెల్‌ఫోను తెర పైయంచున ఒక మూలను, చిన్నది మొదలు పెద్దది వఱకు మెట్లుగా నిలిచియుండు నాలుగైదు గీతలను చూచి, "సిగ్నల్ ఫుల్లుగా ఉంది, అయినా మాట వినబడదేమిటి?" అని విసుగుకొననివారు నేడు అరుదు. ఆ విసుగునకు కారణమును టవరునందో కంపెనీయందో వెదకుట వాడుక. కాని ఆ గీతల పుట్టుక నెఱిగినవారు మొదట గీతలనే అనుమానింతురు. ఏలయన అవి కొలుచునది యొకటి, మనము వానిలో చదువుకొనునది మఱియొకటి. ఈ రెంటి నడుమనున్న ఎడము నిన్న మొన్నటిది కాదు.

తొలినాటి రేడియోలలో బలహీనమైన స్టేషను సన్నగాను, బలమైనది చెవులు గింగురుమనునట్లును పలుకుచుండెను గనుక, సిగ్నలు బలము తెలిసికొనుటకు వేఱొక సాధనముతో పనిలేకుండెను, చెవియే కొలబద్ద. 1926 ప్రాంతమున అమెరికాలో హెరాల్డ్ వీలర్ అను ఇంజనీరు, వచ్చు సిగ్నలు హెచ్చిన కొలదిని రేడియో తనంతట తానే తగ్గి, ధ్వనిని ఒక్కతీరుగ నిలుపుకొను ఏర్పాటును కనిపెట్టెను. వినువారికిది సుఖమే యైనను, దీనితో చెవికి కొలుచు పని తప్పిపోయెను. ఊరిలోని స్టేషనును దూరదేశపు స్టేషనును ఒకే గొంతుతో పలుకసాగినవి. అయితే ధ్వనిని అదుపుచేయుటకై రేడియోలో పుట్టు చిన్న వోల్టేజి సిగ్నలు బలమును బట్టి మాఱుచుండును గదా. దానిని ఒక ముల్లునకో దీపమునకో తగిలించినచో చెవి కోల్పోయిన కొలత కంటికి దొరకును. నేటి గీతలకు మూలపురుషుడు ఆ వోల్టేజియే.

అలెన్ డ్యూమాంట్ ఊహించిన అట్టి దీపమును 1935లో ఆర్.సీ.ఏ. సంస్థ 6ఈ5 అను పేర అంగడికెక్కించెను. జనులు దానిని మేజిక్ ఐ అనిరి. వాల్వు రేడియోల నెఱిగిన మన తరమువారికి, ముందు పలకపై పచ్చగ వెలుగుచు, స్టేషను కుదిరిన కొలదిని నడిమి నీడ సన్నగిల్లి మూసికొనిపోవు ఆ కన్ను మఱపునకు రానిది. మద్రాసునో సిలోనునో పట్టబోవువారు చెవితో పాటు చూపును గూడ దానిపై నిలిపెడివారు. దాని కొక సుగుణము గలదు: చూచువాని చేతిలో త్రిప్పుటకొక మీట ఉండెను, ఎటు త్రిప్పవలెనో కన్ను చెప్పుచుండెను. నేటి గీతలను చూచి మనము చేయగలిగినది మేడమీదికి పోవుట తప్ప వేఱొకటి లేదు.

ఇంటి రేడియోలకు పచ్చకన్ను చాలినను, స్వయముగ యంత్రములు కూర్చుకొని ఖండాంతరములతో సంభాషించు హామ్ రేడియో ఔత్సాహికులు ఎస్-మీటరు అను ముల్లుపలకను అమర్చుకొనిరి. వారి సంప్రదాయమునందలి యొక విషయము, నా దృష్టిలో, ఈ కథకంతటికిని కీలకము. 1934లో ఆర్థర్ బ్రాటెన్ అను అమెరికన్ ఔత్సాహికుడు, అవతలివాని మోర్సు సంకేతము తనకెట్లు అందినదో తెలుపుటకు మూడంకెల పద్ధతి నొకదానిని కల్పించెను. మొదటి అంకె సంకేతము ఎంత పోల్చుకొనదగియున్నదో 5లోపల చెప్పును. రెండవది దాని బలమును, మూడవది దాని స్వరశుద్ధిని 9లోపల చెప్పును. బలమును స్పష్టతను వేఱుచేసి లెక్కించుటలోనే వారి అనుభవమంతయు ఇమిడియున్నది. ఉరుములు మ్రోయు రాత్రి మిక్కిలి బలముగ వచ్చిన సంకేతమునను అక్షరములు పోల్చరాకుండుటయు, అలికిడిలేని తెల్లవారుజామున మీటరు ముల్లును కదలింపలేని సంకేతము తుదివఱకు తెలియుటయు వారికి క్రొత్త కాదు. (ఇంత నిక్కచ్చియైన పద్ధతికిని మర్యాద అను చీడ పట్టకపోలేదు, పోటీలలో అవతలివాడు వినబడినను, వినబడీ వినబడకున్నను, 599 అని నిండుమార్కులు వేసి పంపుట నేటికిని ఆచారము.)

1991లో ఫిన్లాండున మొదలై, 1995 జూలై 31న కలకత్తా ఢిల్లీల నడుమ తొలి పలుకుతో మనదేశమున అడుగిడిన జీ.ఎస్.ఎం. సెల్‌ఫోను ఈ వివేకమును విడిచినదని అనుకొనరాదు. మాట సాగుచున్నంతసేపు ఆ ఫోను, అర సెకనుకన్న కొంచెము తక్కువ వ్యవధికొకసారి, తన టవరు బలమును 0 మొదలు 63 వఱకు గల యంకెలతోను, అందు తప్పుల పాలును 0 మొదలు 7 వఱకు గల వేఱొక యంకెతోను నెట్‌వర్కునకు నివేదించును. చుట్టుపట్ల మిక్కిలి బలముగ వినబడు ఆఱు టవరుల సంగతియు చేర్చును. ఫోనును ఒక టవరునుండి మఱియొక దానికి ఎప్పుడు అప్పగింపవలెనో తేల్చుకొనుటకై యంత్రములు తమలో తాము చెప్పుకొను మాట యిది. స్పష్టత లెక్క టవరునకు పోయినది. బలము లెక్క మాత్రము గీతలుగా మాఱి మన కంటబడినది.

ఆ మార్పిడికి నియమమేది? ఏదియు లేదు. ఫోను కొలుచు పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణములు వెండ్రుకవాసి తేడా లేకుండ నిర్ణయించినవి గాని, ఏ కొలతకు ఎన్ని గీతలు వేయవలెనో తయారీదారుల ఇష్టమునకు విడిచిపెట్టినవి. ఫోను తన మోడెమునుండి పాతరీతిని తెలిసికొను బలము -113 మొదలు -51 డీబీఎం వఱకు ఉండును. డెసిబెల్ లెక్కలో పది మెట్లు పదిరెట్లు గనుక, ఆ కొసకును ఈ కొసకును సుమారు పదునాఱు లక్షల రెట్లు తేడా. దీనినంతటిని అయిదు గీతలలో కుదించువాడు ఎచ్చట కోసినను ఎవరికో అన్యాయమగును.

ఆ కోత ఎట్లుండునో 2010లో లోకమునకు తెలిసినది. ఆ జూన్ 24న వెలువడిన ఐఫోన్ 4ను ఎడమచేత ఒక తీరున పట్టుకొన్నచో గీతలు కూలుచున్నవని గగ్గోలు పుట్టగా, ఆనంద్‌టెక్ పత్రికవారు లోపలి కొలతలను వెలికిదీసి చూచిరి. -51 మొదలు -91 వఱకు, అనగా పదివేల రెట్ల తేడా గల మేరయంతయు, అయిదు గీతలే. మూడు గీతలకు దక్కినది -101 మొదలు -103 వఱకు రెండు డెసిబెల్‌ల ఇఱుకు సందు. చేతి పట్టువలన పోవునది 24 డెసిబెల్‌ల వఱకు ఉండెను. టవరు చెంతనున్నవానికి ఆ నష్టము కలిగినను అయిదు గీతలు చెక్కుచెదరవు. అయిదవ గీత అంచుననున్నవానికి అదే నష్టము గీతల నన్నిటిని ఊడ్చివేయును. జూలై 2న ఆపిల్ సంస్థ, గీతలు లెక్కించు తమ సూత్రము బొత్తిగ తప్పనియు, రెండు గీతలు వేయవలసిన చోట నాలుగు వేయుచు వచ్చినదనియు, ఈ దోషము తొలి ఐఫోనునుండియు ఉన్నదనియు ప్రకటించెను. పక్షము తిరుగకమున్నే వచ్చిన సవరణలో సూత్రము మాఱినది. దానితో పాటు చిన్న గీతలు మూడును కంటికానుటకై కొంచెము పొడవైనవి. యాంటెన్నా మాత్రము ఎప్పటివలెనే యుండెను.

సూత్రము సరియైనంత మాత్రమున గీతలు నిజము చెప్పునా? 4జీ ఫోనులలో బలముగ లెక్కింపబడునది టవరు ఎడతెగక పంపు గుఱుతు సంకేతముల శక్తి. ఆ టవరుపై పదిమంది యున్నను పదివేలమంది యున్నను అది మాఱదు. గోదావరి పుష్కరముల రేవున నిండుగీతలతో నున్న ఫోనునుండి ఒక ఫోటోయైనను కదలకపోవుటకు ఇదియే హేతువు: టవరు వినబడుచునే యున్నది, దానికి తీరిక లేదు. ప్రక్క టవరుల రొదయు అంతే. అది గీతలను తగ్గింపదు, మాటను చెఱచును. మఱియు గీతలు టవరు పలుకు మనకెంత చేరుచున్నదో చెప్పును గాని మన పలుకు టవరునకు చేరునో లేదో చెప్పవు. టవరు పదుల వాట్లతో పలుకుచుండగా, మన ఫోను గొంతు ఒక వాటులో అయిదవ వంతు.

ఇన్ని తెలిసిన పిదప ఇటీవలి యాండ్రాయిడ్ అమరికలలో ఒకటి చూచినచో నవ్వు వచ్చును. నెట్‌వర్కు కంపెనీవారు కోరుకొన్నచో, ఫోను ఉన్న మెట్టుకన్న ఒక మెట్టు హెచ్చుగ చూపుటకు అందొక మీట గలదు. ఔత్సాహికుల 599 మర్యాదకొఱకు వేయు మార్కు. ఇది వ్యాపారము వేసికొన్న మార్కు.

నిజము కావలసినవాడు గీతలను విడిచి అంకెను చూడవలెను. యాండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులందలి సిమ్ వివరముల చోటను, ఐఫోనులో *3001#12345#* అని నొక్కి డయల్ చేసినచోను అది దొరకును. దానికి ముందు ఋణచిహ్నముండును గనుక 115 కన్న 85 మేలు. ఆ రెంటి నడుమ వేయి రెట్ల తేడా యున్నది. కంపెనీ మార్పని పక్షమున, 4జీలో -98 పైబడినదంతయు యాండ్రాయిడ్ నిండుగీతలుగనే చూపును. కావున -97 యున్న పెరటిగదిలోను, -67 యున్న మేడపైనను, బొమ్మ ఒక్కటే.