క్యాసెట్టా, డిస్కా?

2006లో మా పాప అన్నప్రాశనకి ముందు మా ఇంట్లో వారం రోజులు ఒకటే చర్చ, ఏ క్యామ్‌కార్డర్ కొనాలని. కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద క్యాసెట్ పెట్టేది, ఇంకోటి అరచేతిలో పట్టే చిన్న డీవీడీ పెట్టేది. "క్యాసెట్ల కాలం అయిపోయింది మేడమ్, ఇదైతే తీసి నేరుగా ప్లేయర్లో వేసుకోవడమే" అన్నాడు కొట్టబ్బాయి. మావారు క్యాసెట్ వైపే మొగ్గారు. నేనే పట్టుబట్టి డిస్కుది కొనిపించాను. ఆ తర్వాత జరిగిందానికి నేనే బాధ్యురాల్ని కాబట్టి, ఆ రెండూ ఆ కౌంటరు మీదకి ఎలా వచ్చాయో ఈమధ్య కూర్చుని చదువుకున్నాను.

1983కి ముందు ఇంట్లో వీడియో తీయాలంటే చేతిలో కెమెరా, భుజానికి విడిగా రికార్డర్ ఉండాలి. ఆ ఏడాది సోనీ వాళ్ళు బీటామూవీ పేరుతో రెండూ కలిపేశారు. దాదాపు రెండున్నర కిలోలు, భుజం మీద పెట్టుకోవాలి. తమాషా ఏమిటంటే, తీసింది అందులో చూసుకోడానికి లేదు! మరుసటి ఏడు జేవీసీ చిన్న వీహెచ్ఎస్ క్యాసెట్ కెమెరా తెచ్చింది. ఆ బుల్లి క్యాసెట్‌ని పెద్ద క్యాసెట్ ఆకారం ఉన్న తొడుగులో పెట్టి మామూలు వీసీఆర్లోనే వేసుకోవచ్చు. 1985లో సోనీ ఎనిమిది మిల్లీమీటర్ల టేపుతో హ్యాండీక్యామ్ తెచ్చింది. ఆ పేరు మనకెంత అలవాటైందంటే ఏ కంపెనీదైనా మనకి హ్యాండీక్యామే, ఏ వనస్పతైనా డాల్డా అయినట్టు.

1989లో వచ్చిన హ్యాండీక్యామ్ బరువు 790 గ్రాములు. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా లెక్కలో ఈ కథలో పెద్ద మలుపు ఇదే. మన పాత పెళ్ళి క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. భుజం మీద బండలాంటి కెమెరాతో ఒకాయన, పక్కన లైటు పట్టుకుని ఒక కుర్రాడు, ఆ వెలుగుకి కళ్ళు చికిలిస్తూ మనమందరం. బరువు కిలోలోపుకి దిగాక ఓ చంకన పిల్లని ఎత్తుకుని రెండో చేత్తో తీయొచ్చు. 1992లో షార్ప్ కంపెనీ చిన్న కంతలోంచి చూసే అవసరం లేకుండా వెనక నాలుగంగుళాల తెర పెట్టింది. ఒక కన్ను మూసుకోకుండా, పిల్లనీ బొమ్మనీ రెంటినీ చూస్తూ తీసే వీలు అలా వచ్చింది.

డిజిటల్ వచ్చింది 1995లో, డీవీ క్యాసెట్‌తో. అంతవరకూ క్యాసెట్‌ని ఇంకో క్యాసెట్‌కి ఎక్కిస్తే బొమ్మ కాస్త వెలిసిపోయేది, ఆ కాపీకి కాపీ తీస్తే ఇంకా. అంకెలుగా రాసుకున్నదానికి ఆ బాధ లేదు. కానీ గంట వీడియోకి దాదాపు 13 జీబీ పట్టేది. అప్పట్లో ఇంటి కంప్యూటర్లో ఒక జీబీ హార్డ్‌డిస్క్ ఉంటే గొప్ప. అందుకే క్యాసెట్టే బీరువా కూడా అయింది. 1999లో వచ్చిన డిజిటల్ 8 ఇంకా తెలివైనది. దాని మోడళ్ళు కొన్ని పాత ఎనిమిది మిల్లీమీటర్ల క్యాసెట్లనీ చదివేవి. ఈ సంగతి కొట్లో ఎవరూ చెప్పేవారు కాదు. 800 రెట్ల జూమ్ అని స్టిక్కర్ మాత్రం అంటించేవారు. ఆ జూమ్‌లో లెన్సు చేసేది పదో ఇరవయ్యో, మిగతాదంతా బొమ్మని సాగదీయడమే.

2000లో హిటాచి డీవీడీ కెమెరా తెచ్చింది. ఎనిమిది సెంటీమీటర్ల డిస్కు, 1.4 జీబీ, మామూలు నాణ్యతలో అరగంట. అందులో పట్టడానికి బొమ్మని బాగా కుదించాలి. అన్నిటికన్నా ముఖ్యం, తీయడం అయ్యాక 'ఫైనలైజ్' అనే మీట నొక్కాలి. పుస్తకం రాసి విషయసూచిక వేయడం లాంటిది. అది లేకపోతే వేరే ప్లేయర్‌కి ఆ డిస్కు ఖాళీదే.

అన్నప్రాశన రోజు ఆ మీట మేమెవ్వరం నొక్కలేదు. చూడాలనిపించినప్పుడల్లా కెమెరాని టీవీకి తగిలించి చూశాం కాబట్టి తెలియలేదు. తర్వాత కెమెరా పాడైంది. 2011లో మా అత్తయ్యగారు పోయారు. ఆ డిస్కు ప్లేయర్లో వేస్తే 'నో డిస్క్' అని వచ్చింది. మావారు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. క్యాసెట్ కెమెరా కొన్న మా తోటికోడలు మాత్రం వాళ్ళ టేపులు ఈనాటికీ చూస్తోంది, ఆ కెమెరా పనిచేస్తున్నన్నాళ్ళూ.

ఈలోగా 2004లో హార్డ్‌డిస్క్ కెమెరాలొచ్చాయి, తర్వాత కార్డులవి. అమెరికాలో తెగ అమ్ముడైన ఫ్లిప్ అనే బుల్లి కెమెరాని 2009లో సిస్కో కొని 2011లో మూసేసింది. ఆపైన అన్నీ ఫోన్లే.

మీ ఇంట్లో అలాంటి డిస్కులుంటే పారేయకండి. కెమెరా పనిచేస్తుంటే అందులోనే వేసి ఫైనలైజ్ చేయండి, పొరపాటున ఫార్మాట్ మాత్రం నొక్కకండి. కెమెరా లేకపోయినా సూచికే లేదు గానీ రాసింది డిస్కు మీద ఉంటుంది. మా పాప స్నేహితురాలి అన్నయ్య కంప్యూటర్లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి, ఈ సంక్రాంతికి పద్దెనిమిది నిమిషాలు బయటికి తీశాడు.

అత్తయ్యగారు ఎక్కడైనా కనిపిస్తారని కళ్ళప్పగించి చూశాం. ఎక్కడా లేరు. పాప పాకుతోంది, ఎదురుగా పుస్తకం, బంగారం, కలం, అన్నం గిన్నె. గొంతు మాత్రం అందరికన్నా దగ్గరగా, గట్టిగా వినిపిస్తోంది. "పుస్తకం తల్లీ, పుస్తకం పట్టుకో... ఒసేయ్, ఆ గిన్నె కాస్త వెనక్కి జరపవే!" అని నన్నే. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు కెమెరా ఆవిడ చేతికే ఇచ్చామని.