సెప్టెంబరు 11: ఇంకా ముగియని జాబితా

ప్రతి ఏటా సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో, జంట భవనాలు కూలినచోట, ఒక జాబితా చదువుతారు. మృతుల బంధువులు వేదిక ఎక్కి ఒక్కొక్క పేరే పలుకుతారు. విమానాలు ఢీకొన్న వేళల్లో, భవనాలు నేలకూలిన వేళల్లో గంట మోగుతుంది. చదవడం కాసేపు ఆగి, మళ్ళీ సాగుతుంది. 2001 దాడులలో మరణించినవారు 2,977 మంది, 1993లో అదే భవనం కింద పేలిన బాంబుకు బలైనవారు ఆరుగురు, వెరసి 2,983 పేర్లు. స్మారక జలాశయాల చుట్టూ కంచు పలకల మీద చెక్కినవీ అవే. వాటిలో తెలుగువారి పేర్లూ ఉన్నాయి. ఇప్పుడు చదివే పిల్లలలో కొందరు తాము ఎన్నడూ చూడని తాతల పేర్లు చదువుతున్నారు.

న్యూయార్క్ మృతుల సంఖ్య 2,753. చూడగానే అది ఆ ఉదయమే తేలిపోయిన లెక్కలా కనిపిస్తుంది. కాని వారిలో ముగ్గురు ఆనాడు మరణించలేదు. వారిని చంపింది దుమ్ము.

ఆ దుమ్ములో పొడి అయిన సిమెంటు, గాజు నూలు, ఆస్బెస్టాస్, సీసం ఉన్నాయి. సిమెంటు వల్ల దానికి తీవ్రమైన క్షారగుణం వచ్చింది. తడి తగిలితే శ్వాసనాళాల పొరను కొరికేస్తుంది. శిథిలాల కింద మంటలు డిసెంబరు వరకూ ఆరలేదు. అయినా దాడి జరిగిన వారానికే, సెప్టెంబరు 18న, పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్మన్ అక్కడి గాలి పీల్చడానికి సురక్షితమేనని ప్రకటించారు. అలా చెప్పడానికి అప్పటికి తగినంత సమాచారం లేదని ఆ సంస్థ తనిఖీ అధికారి 2003లో తేల్చారు. అప్పటికి శిథిలాల తొలగింపు ముగిసి ఏడాది దాటింది.

దుమ్మును దోషిగా నిలబెట్టడం సులభం కాదు. దగ్గు ఎవరికైనా వస్తుంది, క్యాన్సరూ అంతే. ఇక్కడ వైద్యానికి ఒక అదృష్టం కలిసివచ్చింది: నగర అగ్నిమాపక శాఖ తన సిబ్బంది ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని 2001కి ముందు నుంచే క్రమంగా కొలిచి దాచిపెట్టింది. డేవిడ్ ప్రెజంట్ బృందం ఆ పాత కొలతల పక్కన కొత్తవి పెట్టి చూసింది. మొదటి ఆరు నెలల్లోనే 332 మంది నాలుగు వారాలకు పైగా సెలవు పెట్టవలసినంత దగ్గు బారిన పడ్డారు. పొగతాగని అగ్నిమాపకులు ఒక్క సెకనులో బలంగా వదలగల గాలి తొలి ఏడాదిలో సగటున 439 మిల్లీలీటర్లు తగ్గింది. వయసు తగ్గించేది ఏడాదికి సుమారు ముప్పయ్యే. అంటే పదేళ్ళకు పైబడిన ముసలితనం ఒక్క ఏట మీదపడింది. తరువాతి ఆరేళ్ళలో అది చాలామందిలో తిరిగి రాలేదు.

మృతుల జాబితాను నిర్ణయించేది నగర చీఫ్ మెడికల్ ఎగ్జామినర్. అప్పుడు ఆ పదవిలో ఉన్న చార్ల్స్ హిర్ష్ ఆ ఉదయం స్వయంగా అక్కడికి వెళ్ళి, భవనం కూలినప్పుడు గాయపడ్డారు. దుమ్ములో చిక్కుకుని ఐదు నెలలకు సార్కాయిడోసిస్‌తో మరణించిన ఒక మహిళా న్యాయవాది పేరు చేర్చడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. 2007లో అగ్నిమాపక సిబ్బందిపై మరో అధ్యయనం వెలువడింది. ఇలాంటి జబ్బు అంతకుముందు ఏటా లక్షకు 15 మందికి వచ్చేది, దాడి తరువాతి ఏడాదిలో 86 మందికి వచ్చింది. అదే ఏడు మే నెలలో హిర్ష్ తన నిర్ణయాన్ని మార్చుకున్నారు. ఆమె మరణ ధ్రువపత్రంలో సహజ మరణం హత్యగా మారింది. ఒక వైద్యుడు తన సంతకాన్ని తానే దిద్దుకోవడం చిన్న విషయం కాదు.

అదే హిర్ష్ మరొకచోట కఠినంగా నిలిచారు. శిథిలాలలో పనిచేసిన పోలీసు డిటెక్టివ్ జేమ్స్ జడ్రోగా 2006 జనవరిలో, 34 ఏళ్ళకు, మరణించారు. న్యూజెర్సీలో శవపరీక్ష చేసిన వైద్యుడు కారణం ఆ దుమ్మే అన్నారు. హిర్ష్ కాదన్నారు: ఊపిరితిత్తులలో దొరికినది, నూరిన మాత్రలు రక్తనాళంలోకి ఎక్కించుకోవడం వల్ల చేరిన పదార్థమని ఆయన తీర్పు. కుటుంబం దానిని అంగీకరించలేదు. మరో నిపుణుడూ విభేదించారు. ఇద్దరు వైద్యులు ఒకే ఊపిరితిత్తిని చూసి రెండు కథలు చెప్పడం ఈ వృత్తిలో వింతేమీ కాదు. హిర్ష్ మాట ప్రకారం జడ్రోగా పేరు జాబితాలోకి రాలేదు. సహాయకులకు, బతికి బయటపడినవారికి వైద్యం అందించే చట్టానికి మాత్రం ఆ పేరే పెట్టారు. 2011 జనవరి 2న ఒబామా దానిపై సంతకం చేశారు. 2012లో క్యాన్సర్లు దాని పరిధిలోకి వచ్చాయి, 2015లో గడువు 2090 వరకూ పొడిగింది. అంటే ఆనాటి పసిపిల్లలు తొంభై ఏళ్ళవారయ్యే దాకా. నమోదైనవారు లక్ష దాటారు.

వైద్యం అందించడానికి సరిపోయే రుజువు వేరు, కంచులో పేరు చెక్కడానికి కావలసిన రుజువు వేరు. జబ్బులతో పోయినవారి కోసం 2019 మే 30న స్మారక ప్రాంగణంలో ఆరు పెద్ద శిలలు నిలిపారు. వాటిలో కూలిన భవనాల ఉక్కును పొదిగారు. వాటి మీద పేర్లు లేవు.

అగ్నిమాపక శాఖ మరో దారి ఎంచుకుంది. బ్రూక్లిన్‌లోని ప్రధాన కార్యాలయంలో జబ్బులతో మరణించిన తనవారి పేర్లకు ఒక గోడ ఉంది. ప్రతి సెప్టెంబరులో వాటికి కొత్త పేర్లు కలుస్తాయి. ఆ శాఖ దాడి రోజున కోల్పోయినది 343 మందిని. 2023 సెప్టెంబరులో ఆ గోడమీదికి 43 పేర్లు ఎక్కాయి. ఆ నెల ముగిసేలోగా జబ్బులతో పోయినవారి లెక్క కూడా 343కు చేరింది.