సరయు బ్లూ

సరయు బ్లూ అమెరికన్ టెలివిజన్, సినిమా నటి. అసలు పేరు సరయు రావు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 2018లో ఎన్‌బీసీలో వచ్చిన ‘ఐ ఫీల్ బ్యాడ్’ హాస్య ధారావాహికలో కథానాయికగా నటించారు. 2024లో అమెజాన్ ప్రైమ్ విడుదల చేసిన ‘ఎక్స్‌పాట్స్’లో నికోల్ కిడ్‌మన్‌తో సమానమైన ప్రధాన పాత్ర పోషించారు.

తెలుగు పాఠకులకు ఆమెకంటే ముందు ఆమె తల్లిదండ్రులే పరిచయం. తండ్రి వెల్చేరు నారాయణరావు ఏలూరులో అధ్యాపకుడిగా పనిచేసి, 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి దశాబ్దాలపాటు అక్కడ తెలుగు బోధించారు. ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ రాసింది ఆయనే. ‘కన్యాశుల్కం’ను ఇంగ్లీషులోకి తీసుకెళ్లిందీ ఆయనే. తల్లి నిడదవోలు మాలతి కథా రచయిత్రి. 1973లో అమెరికా వెళ్లాక కూడా తెలుగులోనే రాస్తూ వచ్చారు. తెలుగు కథలను ఇంగ్లీషు పాఠకులకు అందించడానికి 2001లో ‘తూలిక’ వెబ్‌సైటును ప్రారంభించారు. ఇద్దరూ తెలుగు మాటను పట్టుకుని బతికినవాళ్లే. కూతురు మాత్రం ఇంగ్లీషు రంగస్థలాన్ని ఎంచుకుని, శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికన్ కన్సర్వేటరీ థియేటర్‌లో నటనలో పైచదువు చదివారు.

అమెరికన్ టెలివిజన్‌లో నటుల ఎదుగుదలకు ఒక మెట్ల వరుస ఉంది. మొదటి మెట్టు ఒక్క భాగంలో కనిపించి పోయే అతిథి పాత్ర. తర్వాత అప్పుడప్పుడూ తిరిగివచ్చే పాత్ర, ఆపైన ధారావాహిక పొడుగునా ఉండే శాశ్వత పాత్ర. పై మెట్టు ఎక్కినా నిలకడ ఉండదు. చానెల్ ముందుగా పైలట్ అనే నమూనా భాగం తీయిస్తుంది. నచ్చితే కొన్ని భాగాలకు అనుమతిస్తుంది, వీక్షకుల సంఖ్య చాలకపోతే ఆపేస్తుంది. నటి ఎంత బాగా చేసినా ఆ లెక్క మారదు. సరయు ప్రయాణంలో ఇది మూడుసార్లు జరిగింది.

మొదటిది ‘మండే మార్నింగ్స్’. న్యూరోసర్జన్ సంజయ్ గుప్తా నవల ఆధారంగా డేవిడ్ ఇ. కెల్లీ రూపొందించిన ఈ ఆసుపత్రి కథ 2013లో టీఎన్‌టీలో ప్రసారమైంది. వైద్యులు తమ పొరపాట్ల గురించి సహచరుల ముందు జవాబు చెప్పుకునే సమావేశాలు దీనికి ఆయువుపట్టు. డాక్టర్ సిడ్నీ నాపుర్‌గా నటించిన సరయు అప్పటికింకా సరయు రావు పేరుతోనే ఉన్నారు. 10 భాగాలతో ఇది ఆగిపోయింది. 2016లో సీడబ్ల్యూ చానెల్‌లో మొదలైన ‘నో టుమారో’ 13 భాగాలతో ముగిసింది. అందులో ఆమెది కథానాయికపై అధికారి అయిన డీడ్ర పాత్ర. ఎవరితో ఎలా మసలుకోవాలో తెలియని ఆ మనిషిని ఆమె నవ్వించేలా, అదే సమయంలో జాలి పుట్టేలా మలిచారు.

ఆ పాత్ర ఇంటిపేరు హ్యాక్‌మేయర్. సరయు చేసిన పాత్రల పేర్లు వరసగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. 2020, 2021ల్లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘టు ఆల్ ద బాయ్స్’ రెండు, మూడు చిత్రాల్లో ఆమె ట్రీనా రోత్‌షీల్డ్. కథానాయిక తండ్రికి పొరుగున ఉంటూ, చివరికి ఆయన్ను పెళ్లాడే మనిషి. ‘ఎక్స్‌పాట్స్’లో హిలరీ స్టార్. ఇవేవీ భారతీయ స్త్రీని దృష్టిలో పెట్టుకుని పెట్టిన పేర్లు కావు. యాస పట్టి మాట్లాడే దుకాణదారు, ట్యాక్సీ డ్రైవరు పాత్రలకే భారతీయ నటులను పిలిచే అలవాటు హాలీవుడ్‌ను చాలాకాలం ఏలింది. దాన్ని మరో తెలుగు కుటుంబపు బిడ్డ, హాస్య కళాకారుడు హరి కొండబోలు 2017లో ‘ద ప్రాబ్లం విత్ అపూ’ డాక్యుమెంటరీలో నిలదీశారు. సరయు వేరే దారిన నడిచారు. ఎవరికో రాసిన పాత్రను తీసుకుని, అది తనదే అనిపించేలా చేయడం ఆమె బలం.

‘ఐ ఫీల్ బ్యాడ్’ దీనికి గట్టి ఉదాహరణ. ఓర్లీ ఆస్లాండర్ పుస్తకం ఆధారంగా అసీమ్ బాత్రా రూపొందించిన ఈ ధారావాహికకు నటి ఏమీ పోలర్ నిర్మాతల్లో ఒకరు. ముగ్గురు పిల్లల తల్లి, వీడియో గేముల సంస్థ ఉద్యోగిని అయిన ఎమెట్ చుట్టూ కథ తిరుగుతుంది. ఇంట్లో ఉంటే ఆఫీసు, ఆఫీసులో ఉంటే పిల్లలు గుర్తుకొచ్చి, ఏది చేసినా తప్పు చేస్తున్నానేమోనని నలిగిపోయే తల్లి ఆమె. సరయు ఆ పాత్రలోకి వచ్చాక కుటుంబం కూడా భారతీయ కుటుంబమైంది. అమ్మగా మధుర్ జాఫ్రీ, నాన్నగా బ్రయన్ జార్జ్ నటించారు. అమెరికాలోని ప్రధాన చానెళ్లలో భారతీయ సంతతి స్త్రీ కథానాయికగా హాస్య ధారావాహిక రావడమే అరుదు. 2012లో ఫాక్స్‌లో మొదలైన మిండీ కేలింగ్ ‘ద మిండీ ప్రాజెక్ట్’ తర్వాత చెప్పుకోదగ్గవి కొద్ది. అలాంటిది, 13 భాగాలయ్యాక 2019లో ఎన్‌బీసీ దీన్ని రద్దు చేసింది. ఎమెట్ లాంటి తల్లులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ పాత్రకు ఇంకో ఏడాది దొరికి ఉండాల్సింది.

సినిమాల్లో ‘బ్లాకర్స్’ (2018) ఎక్కువమంది చూసినది. అందులో జాన్ సీనా భార్యగా నటించారు. నెట్‌ఫ్లిక్స్ ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’ మూడో సీజన్‌లో (2022) కథానాయిక తల్లి నళినికి స్నేహితురాలిగా వచ్చే రియా పాత్ర చేశారు.

అప్పటిదాకా ఎక్కువగా నవ్వించిన నటిని ‘ఎక్స్‌పాట్స్’ మరోలా చూపించింది. జానిస్ వై. కె. లీ నవలను దర్శకురాలు లూలూ వాంగ్ 6 భాగాలుగా మలిచారు. హాంకాంగ్‌లో స్థిరపడిన ముగ్గురు అమెరికన్ స్త్రీల కథ ఇది. వారిలో హిలరీని భారతీయ సంతతి మనిషిగా, పంజాబీ కుటుంబపు కూతురిగా మార్చారు. పిల్లలు కావాలా వద్దా తేల్చుకోలేక, కూలిపోతున్న కాపురాన్ని ఎవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొచ్చే స్త్రీ హిలరీ. చెదరని జుట్టు, ముడత లేని బట్టలు, కొలిచినట్టు మాటలు. ఆగిపోయిన లిఫ్టులో తల్లితో (సుధా భుచ్చర్) చిక్కుకున్నప్పుడు, తండ్రి గురించి ఏళ్లుగా మింగుకున్నదంతా బయటికి వస్తుంది. కదలడానికి చోటు లేని ఆ సన్నివేశంలో సరయు గొంతుతోనూ కళ్లతోనూ చేసిన పని ఆమె నటనలో ఇప్పటికి అన్నిటికంటే మిన్న.

‘ఎక్స్‌పాట్స్’ విడుదలైన 2024 జనవరిలోనే ‘మీన్ గర్ల్స్’ కొత్త చిత్రం థియేటర్లకు వచ్చింది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టి, ‘బ్రహ్మోత్సవం’ (2016) లాంటి తెలుగు చిత్రాల్లో బాలనటిగా కనిపించి, 2021లో డిస్నీ చానెల్ ‘స్పిన్’లో కథానాయిక అయిన అవంతిక వందనపు అందులో నటించారు. సరయు పాత్రల పేర్లు అలాగే ఉండిపోయినా, 2004 నాటి చిత్రంలో కేరన్ స్మిత్‌గా ఉన్న పాత్ర ఇంటిపేరును అవంతిక కోసం శెట్టిగా మార్చారు.