చెరువు నాచు: ఆహారమా? విషమా?

పెనుకొండ కోటను చూడవచ్చిన వారికి రాజుల కథలు చెప్పువారు పెక్కురు గలరు. నీటి కథ చెప్పువారు అరుదు. క్రీ.శ. 1388లో హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి, ప్రాణులకు జలమే జీవనమని తలచి, పెన్నానదిని ఆ నగరమునకు తేవలసినదని జలసూత్రజ్ఞుడైన సింగాయభట్టును ఆజ్ఞాపించెను. ఆయన సిరువేర చెరువునకు కాలువ నడిపించి, దానికి ప్రభువు పేరిడి, శాసనము వ్రాయించెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల సీమ నీటి విలువను ఆనాడే ఎరిగినది.

ఇట్టి చెరువులలో వేసవియందు నీరు తగ్గి కదలక నిలిచినప్పుడు, పైన పచ్చని మీగడ వంటి పూత తేలుట కలదు. పాచి యని మనము దానిని త్రోసి నీరు ముంచుకొందుము. అందు నీలాకుపచ్చ నాచు ఒకటి. పేరునకు నాచే గాని అది మొక్క కాదు. ఎండ వెలుగుతో తన యాహారమును తానే సమకూర్చుకొను సూక్ష్మజీవి.

దీనిలో ఒక జాతిని అన్నముతో సమానముగా చూచుకొన్న జనులు కలరు. మెక్సికోలోని టెస్కోకో సరస్సుపై తేలు నాచును అజ్టెకులు వలలతో తీసి, ఎండబెట్టి తినుచుండిరని 16వ శతాబ్దమున స్పెయిన్ వారు వ్రాసిరి. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతపు కానెంబు స్త్రీలు దానిని ఇసుకపై ఆరబెట్టి ‘దిహే’ అను బిళ్లలు చేయుదురు. మనకు రాగిసంకటితో ఊరుబిండి యెట్టిదో, వారికి చిరుధాన్యపు ముద్దతో దిహే పులుసు అట్టిది. 1940లో డాంగార్ అను ఫ్రెంచి పండితుడు ఈ సంగతి ప్రకటించెను. 1960 దశకమున బెల్జియం శాస్త్రజ్ఞుడు లెయొనార్డ్ మరల వెలుగులోనికి తెచ్చెను. నేడు బిళ్లలుగా, పొడిగా అమ్ముడగు స్పిరులినా ఇదియే.

దీని గుణములు కల్పితములు కావు. ఎండిన పొడిలో సగమునకు మించి మాంసకృత్తులే. ఇనుము, కెరోటిన్ కూడ కలవు. ఇందలి కెరోటిన్ చిన్నపిల్లలకు ‘ఎ’ విటమినుగా ఉపకరించునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1991లో తెలిపిరి. కొలెస్టరాలు కొంత తగ్గునని చిన్న పరీక్షలు చెప్పుచున్నవి. కాని 5 గ్రాముల పొడిలో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములే; మన చేలలో పండు వేరుసెనగ గుప్పెడు తిన్నచో అంతకెక్కువ లభించును. ఇందలి ‘బి12’ అధికభాగము మానవ శరీరమునకు పనికిరానిది. సర్వరోగ నివారిణి యను మాట నమ్మదగదు.

ఇక విషము మాట. 1878లో ఆస్ట్రేలియాలో ఒక సరస్సునందలి నాచునీరు త్రాగి పశువులు మరణించిన వృత్తాంతమును జార్జి ఫ్రాన్సిస్ ప్రకటించెను. మైక్రోసిస్టిస్ అను మరియొక నీలాకుపచ్చ నాచు కాలేయమును చెరచు విషమును పుట్టించును. నీరు కాచినను ఆ విషము పోదు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రము వారు సరస్సులలో సేకరించిన నాచు మందులలో ఈ విషము గ్రాముకు 1 మైక్రోగ్రామును మించరాదని 1997లో హద్దు విధించిరి.

కావున శుద్ధమైన తొట్లలో పెంచి, పరీక్షించిన స్పిరులినా వేరు; ఊరి చెరువు పాచి వేరు. రెండును పచ్చనివే యని భ్రమపడి చెరువు నాచును బిడ్డలకు పెట్టరాదు. నాచు కట్టిన నీటికి గొడ్లను తోలరాదు. జలమే జీవనమని సింగాయభట్టుచే కాలువ నడిపించిన సీమ మనది. ఆ నీటిని నిర్మలముగా కాపాడుకొనుట, ఏ బిళ్ల కంటెను ముందు మనము చేకొనదగిన ఔషధము.