మరపును కొలచిన పరీక్ష

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున శస్త్రవైద్యుడు స్కోవిల్, 27 ఏండ్ల హెన్రీ మోలైసన్ మూర్ఛలు మాన్పుటకై, మెదడుకు ఇరుప్రక్కలనున్న హిప్పోకాంపస్ భాగములను చాలవరకు తొలగించెను. మూర్ఛలు తగ్గినవి. కాని అతడు అప్పుడే చూచినవారిని అంతలోనే మరచుచుండెను.

1955లో బ్రెండా మిల్నర్ అతనిని పరీక్షించినది. సామాన్యులకు 100 ఉండు బుద్ధిలబ్ధము అతనికి 112. జ్ఞాపకలబ్ధము మాత్రము 67. అద్దములో చూచుచు నక్షత్రము గీయుటలో మూడు దినములకు అతని చేయి తిరిగెను. ఆ పని మునుపు చేసినట్లే గుర్తులేదు! జ్ఞాపకము ఒకటి కాదనియు, పలు విధములనియు దీనివలన తెలిసెను.

తొలగిన భాగము పొడవు 8 సెంటీమీటర్లని స్కోవిల్ అంచనా. 1997లో వెలువడిన ఎం.ఆర్.ఐ. చిత్రములు అది సుమారు 5 మాత్రమేయని తేల్చినవి.

లోపమెట్టిదో పరీక్ష చెప్పును. ఎచ్చటనో చిత్రము చూపును. ఒక్క అంకెతో మనస్సును తూచరాదు.