పొగ నిబంధనలు మారితే డీజిల్ ఇంజను బలం తగ్గుతుందా?

కొత్త పొగ నిబంధనల బండి పాతదానివలె బరువు లాగదన్న సందేహం బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం ప్రాంతాలలో బండి కొనదలచిన కుటుంబాలకు కలగడం సహజం. ఇందులో నిజం కొంతే, అపోహే ఎక్కువ. పల్లెలకు పరిచితమైన బొలెరోనే తీసుకుంటే, పాత రెండున్నర లీటర్ల ఇంజనుకు సుమారు 63 హెచ్.పి. ఉండేది. 2016లో వచ్చిన ఒకటిన్నర లీటర్ల ఇంజనుకు 70 ఉండగా, 2020లో భారత్ స్టేజ్-6కు మారిన పిదప అది 75 అయినది. క్రెటా కారు విషయంలో మాత్రం అదే ఏడాది 128 హెచ్.పి. ఇంజను పోయి 115 హెచ్.పి. ఇంజను వచ్చినది. అనగా బలాన్ని నిర్ణయించేది నిబంధన ఒక్కటే కాదు. ఏ ఇంజనుపై ఎంత ఖర్చు పెట్టాలన్న కంపెనీ లెక్క కూడా.

చిక్కు ఎక్కడంటే, ఇంజను లోపల వేడి పెరిగితే నత్రజని ఆక్సైడ్లు పెరుగుతాయి, వేడి తగ్గిస్తే మసి పెరుగుతుంది. తొలి రోజులలో పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకే పంపి వేడి తగ్గించేవారు. పాత మెకానిక్కులు ‘లాగుడు తగ్గింది’ అనడానికి ఆధారం ఇదే. భారీ వాహనాలకు నత్రజని ఆక్సైడ్ల పరిమితి స్టేజ్-3లో 5 గ్రాములు, స్టేజ్-4లో 3.5, స్టేజ్-6లో సుమారు 0.4 (ఒక కిలోవాట్-గంటకు). ఇంత తగ్గింపు ఇంజను లోపలి మార్పులతోనే సాధ్యం కాదు గనుక శుద్ధి పని చాలావరకు పొగ గొట్టంలోకి మారినది. అందువలన ఇంజనును మళ్ళీ బలంగా నడిపే వీలు కలిగినది.

మార్కెట్ల తేడా విదేశాలకే పరిమితం కాదు. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదుతో సహా 13 నగరాలలో స్టేజ్-4 అమలు కాగా, బరంపురంలో స్టేజ్-3 మాత్రమే అమలైనది. డీజిల్‌లో గంధకం అక్కడ 50 పాళ్ళు, ఇక్కడ 350 పాళ్ళు (పది లక్షలకు). దేశమంతటా స్టేజ్-4 వచ్చినది 2017 ఏప్రిల్ 1న. నేటి స్టేజ్-6 డీజిల్‌లో గంధకం 10 పాళ్ళే.

ట్రాక్టర్ల కథ వేరు. 50 హెచ్.పి. పైబడిన వాటికి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధన వర్తించినది. ఆ ఖర్చు తప్పించుకొనేందుకు 50కి కాస్త దిగువన ఆగిన నమూనాలు కనిపిస్తాయి. అమెరికాలో ఇదే కారణంగా చిన్న ట్రాక్టర్లు 25 హెచ్.పి. లోపే ఆగుతాయి. కనుక రైతు పెద్ద అక్షరాల హెచ్.పి.ని గాక, టార్కునూ పి.టి.ఓ. శక్తినీ అడిగి తెలుసుకోవడం మేలు. దమ్ములో చక్రం తిప్పేది టార్కే.

కొత్త లారీల యజమానులకు మరొక జాగ్రత్త అవసరం. పొగ శుద్ధికి వాడే డి.ఇ.ఎఫ్. ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసిన నీరు. అది అయిపోతే మొదట హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఆపై బండిలోని కంప్యూటరే ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. గిరిసోల దాటి దూరప్రయాణం పెట్టుకొనేవారు డీజిల్‌తో పాటు దీనినీ చూసుకోవాలి. పొలానికి వేసే యూరియాను నీటిలో కలిపి పోస్తే మలినాల వలన శుద్ధి యంత్రం చెడిపోతుంది. దాని మరమ్మతు ఖర్చు ముందు ఆదా చేసిన సొమ్ము ఏ మూలకూ రాదు.