మంత్రిగారి ఎర

సంక్రాంతికి దాచేపల్లి వెళ్ళేసరికి మా మేనత్త ఇంట్లో తగవు నడుస్తోంది. ఆస్తి తగవు కాదులెండి, చదరంగం తగవు. ఒక పక్క ఎనభై దాటిన అత్తయ్య. రెండో పక్క గుంటూరులో ఏడో తరగతి చదువుతున్న ఆవిడ మనవరాలు. మధ్యలో అరవై నాలుగు గళ్ళ అట్ట. పెరట్లో మొదటి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ నేను వెనక వసారాలో అడుగు పెట్టాను.

"ఇదేం ఆటే! బంటన్నాక ఒక్కో అడుగే వెయ్యాల. నువ్వేందీ, ఎత్తుకోటంతోనే రెండేసి గళ్ళు దూకిస్తన్నావు?" అంటోంది అత్తయ్య.

"రూలే అంత నానమ్మా! మొదటిసారి రెండు గళ్ళు జరపొచ్చు. దీన్ని క్వీన్స్ గాంబిట్ అంటారు. మా సారు నేర్పారు."

"సరే, నీ రూలే కానీ" అని అత్తయ్య కూడా మంత్రి ముందున్న బంటుని రెండు గళ్ళు తోసింది. పిల్ల తన మంత్రికి ఎడమ పక్కనున్న శకటు ముందు బంటుని రెండు గళ్ళు జరిపి, చంపుకోమన్నట్టు ఎదురుగా నిలబెట్టింది. ఊరికే వస్తే ఎవరు వదులుకుంటారు? అత్తయ్య చంపేసింది. చంపిన బంటుని కాపాడుకోడానికి ఇంకో బంటుని అడ్డం పెట్టింది, దానికి తోడు మరో బంటు. పిల్ల పక్కనించి తన చివరి బంటుతో వాటిని గిల్లింది. బంటుకి బంటు పోయి దారి తెరుచుకుంది. ఆరో ఎత్తులో పిల్ల మంత్రి ఏటవాలుగా బయటికొచ్చి, మూలనున్న అత్తయ్య ఏనుగుకి గురి పెట్టింది. ఏనుగుని కాపాడాలంటే ఇంకోటి పోవాల్సిందే. అత్తయ్య మొహం చూడాలి!

"రూళ్ళు మార్చి గెలవటం ఒక గెలుపా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు" అంది నాతో.

నాకొచ్చిన చదరంగం అంతంతమాత్రం. తీర్పు చెప్పడానికి రెండు రోజులు గడువు అడిగి పుస్తకాలు తిరగేశాను. తిరగేస్తే తేలిందేమిటంటే, ఇద్దరిదీ న్యాయమే!

అత్తయ్య ఆడేది మన తాతల నాటి ఆట. మన అరుగుల మీద ఆడిన చదరంగంలో బంటు అడుగడుగే నడిచేది. రాజుకి ఒక్కసారి గుర్రంలా దూకే వీలుండేది. ఈ ఆట మనదగ్గర పుట్టి పారశీకానికీ, అరబ్బు దేశాలకీ, అక్కణ్ణించి ఐరోపాకీ వెళ్ళిన సంగతి అందరికీ తెలిసిందే. వెళ్ళినప్పుడు రాజు పక్కన మంత్రే ఉన్నాడు, రాణి లేదు. పైగా ఆ మంత్రి పాపం బహు బలహీనుడు. ఏటవాలుగా ఒక్క గడి జరగడమే ఆయన ప్రతాపం. ఐరోపా వాళ్ళు వెయ్యో సంవత్సరం ప్రాంతాల మంత్రిని తీసి రాణిని కూర్చోబెట్టారుగాని, నడక మాత్రం ఆ ఒక్క గడే ఉంచారు. పేరుకి పట్టమహిషి, తిరగడానికి నాలుగు మూలలు. మనకి కొత్తేం కాదు కదా ఇది!

1475 ప్రాంతంలో స్పెయిన్‌లోని వలెన్సియాలో ఆట మారిపోయింది. రాణికి అన్ని దిక్కులా, ఎంత దూరమైనా వెళ్ళే శక్తి వచ్చింది. అప్పుడు ఆ దేశంలో ఇసబెల్లా రాణి ఏలుతోంది. ఆవిణ్ణి చూసే ఆ మార్పు చేశారని కొందరు చరిత్రకారుల ఊహ. ఇటలీ వాళ్ళకి ఈ కొత్త ఆట చూసి మతిపోయి, 'పిచ్చెత్తిన రాణి ఆట' అనే అర్థం వచ్చే పేరు పెట్టారట. ఆడదానికి కాస్త అధికారం వస్తే ఎక్కడైనా వినిపించే మాటే!

రాణి విజృంభించిన పదిహేనేళ్ళకే మా పిల్ల వేసిన ఎత్తు పుట్టింది. 1490 ప్రాంతపు గ్యోటింగెన్ రాతప్రతిలో అది కనిపిస్తుంది. 1737లో అలెప్పో నగరానికి చెందిన ఫిలిప్ స్టామా అనే ఆయన పుస్తకం రాసి దాన్ని మెచ్చుకున్నాడు, అందుకే కొంతకాలం దాన్ని అలెప్పో గాంబిట్ అన్నారు. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో కాపబ్లాంకా, అలెఖైన్ ప్రపంచ కిరీటం కోసం తలపడితే, ఆడిన 34 ఆటల్లో 32 ఇదే ఎత్తుతో మొదలయ్యాయి. గాంబిట్ అనేది ఇటలీ మాట. కాలికి కాలడ్డం పెట్టి పడగొట్టే కుస్తీ పట్టు అని అర్థం. 1561లో రూయ్ లోపెజ్ అనే స్పెయిన్ మతాచార్యుడు దాన్ని చదరంగంలోకి తెచ్చాడు. అయితే ఈ ఎత్తులో నిజానికి త్యాగమేం లేదు. ఇచ్చిన బంటుని నాలుగెత్తుల్లో తిరిగి రాబట్టుకోవచ్చు. ఈలోగా ఎదుటివాడి బంటు నడిమి గళ్ళు వదిలి పక్కకి పోతుంది, మనకి మధ్య చోటు దక్కుతుంది. దక్కినదాన్ని దక్కించుకుందామని పట్టుబట్టారో, మా అత్తయ్యకి పట్టిన గతే!

ఇదంతా చెబితే అత్తయ్య నవ్వింది. "వాళ్ళు మంత్రిని ఆడదాన్ని చెయ్యటమేంది? మన పల్నాట్లో ఎప్పుడో అయిందిగా!"

నిజమే సుమండీ! దాచేపల్లికి కూతవేటు దూరంలోనే గురజాల. పన్నెండో శతాబ్దంలో అక్కడ నలగామరాజు కొలువులో మంత్రిణి నాయకురాలు నాగమ్మ. స్పెయిన్‌లో రాణికి శక్తి రావడానికి మూడొందల ఏళ్ళ ముందు మాట ఇది. కోడిపందెంలో బ్రహ్మనాయుడి పక్షాన్ని ఓడించి, ఏడేళ్ళు అడవుల పాలు చేసిందని వీరగాథ. చివరికి కారంపూడిలో నాగులేరు ఒడ్డున రెండు పక్షాలూ నేలకొరిగాయి. ఆ కథ చెప్పేవాళ్ళు తప్పంతా నాగమ్మ నెత్తినే వేస్తారు. ఆవిడా 'పిచ్చెత్తిన రాణే' అయింది. యుద్ధంలో రెండు పక్షాలుంటాయి, ఎత్తులు ఇద్దరూ వేస్తారు అన్న సంగతి చదరంగం ఆడేవాళ్ళకైనా తెలియాలి.

"ఇంతకీ నీకీ ఆట ఎవరు నేర్పారత్తయ్యా?" అన్నాను.

"ఎవరు నేర్పుతారే! ముందరి అరుగు మీద మా మామగారూ వాళ్ళూ ఆడేవాళ్ళు. కాఫీలు ఇచ్చి, గ్లాసులు తీసుకొచ్చేలోగా చూసేదాన్ని. మిగతాది కిటికీలోంచి. ఒకసారి ఏనుగు పోతందని నోరు జారాను. ఆ రోజునించీ కిటికీ తలుపు మూసేశారు."

నలభై ఏళ్ళు చూసి, ఒక్కసారీ అరుగు మీద కూర్చోలేదావిడ. అది విన్నాక నాకు ఫాతిమా గుర్తొచ్చింది. పంజాబులో సర్ ఉమర్ హయత్ ఖాన్ అనే జమీందారు పరివారంలో పనిపిల్ల. ఆయన వెంట ఇంగ్లండు వెళ్ళింది. అదే పరివారంలోని సుల్తాన్ ఖాన్ అక్కడ మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1933లో ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్ ఫాతిమా గెలిచింది. తర్వాత దేశానికి తిరిగొచ్చింది, పెద్ద పోటీల్లో మళ్ళీ ఆ పేరు వినబడలేదు. ఏ కిటికీ మూశారో!

2000లో అదే బ్రిటిష్ మహిళా కిరీటం గెలిచింది మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరై, అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న మొదటి ఆడపిల్ల అనిపించుకుంది. హంపి కూడా ఎక్కువగా మంత్రి ముందు బంటుతోనే ఆట మొదలుపెడుతుంది. 2017లో తల్లయింది, కొన్నాళ్ళు పోటీలకి దూరంగా ఉంది. ఇంక అయిపోయిందనుకున్నవాళ్ళున్నారు. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది, 2024లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచింది. గుంటూరులో పుట్టిన ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు నెలలతో బల్ల ముందు కూర్చుంది, జట్టుకి కాంస్యం వచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉంది. బంటుని ఇచ్చి చోటు సంపాదించడం వీళ్ళకి బల్ల మీద మాత్రమే నేర్పిన విద్య కాదు.

గడువు తీరింది. తీర్పు చెప్పాను. "బంటు మొదటిసారి రెండు గళ్ళు జరగొచ్చు, జరిగి తీరాలని లేదు. పిల్ల రెండేసి జరుపుకోనీ. నువ్వు నీ పద్ధతిలో ఒక్కో అడుగే వెయ్యి. ఏ రూలూ అడ్డురాదు."

అత్తయ్య కళ్ళు మెరిశాయి. పిల్ల మళ్ళీ అదే ఎర వేసింది. ఈసారి అత్తయ్య ఒక బంటుని ఒక్క అడుగు, గుర్రాన్ని బయటికి, ఇంకో బంటుని ఒక్క అడుగు. ఎరకి ఎదురుపడనే లేదు. పిల్ల కాసేపు చూసి, "నానమ్మా! ఇది ఇండియన్ డిఫెన్సు! నీకెలా తెలుసు?" అని అరిచింది.

ఎలా తెలియడమేమిటి? 1850ల్లో కలకత్తాలో మహేశ్ చంద్ర బెనర్జీ అనే ఆయన జాన్ కాక్రేన్ అనే బారిస్టరుతో ఆడిన ఆటలు అచ్చయి ఉన్నాయి. అడుగడుగు బంట్లకి అలవాటుపడ్డ ఆయన ఇల్లాగే వెనక కోట కట్టుకుని ఆడేవాడు. ఆ రక్షణలకి భారతీయ పేరు రావడం వెనక ఆ ఆటలే ఉన్నాయంటారు. కలకత్తా బెనర్జీకి తెలిసింది దాచేపల్లి కిటికీకీ తెలిసింది.

ఆట తెగడానికి చాలాసేపు పట్టేలా ఉంది. వసారాలో వెలుగు తగ్గింది. అత్తయ్య లేచి, అట్ట కదలకుండా రెండు చేతులా పట్టుకుని, "ముందరి అరుగు మీదికి పదవే, అక్కడ వెలుగుంటది" అంది మనవరాలితో. గడప దాటుతూ వెనక్కి తిరిగి మా బావతో అంది:

"ఒరే అబ్బాయ్, మాకు కాఫీలు అక్కడికి పట్రా. నోరు మాత్రం జారమాక!"